ప్రోనోటు మీద చెల్లు నుంచి డిక్రీ వసూలు దాకా: సీపీసీని ఒక్క కేసుతో చదవడం

లా కాలేజీలో సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) అనగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. నేర చట్టం క్లాసులో దొంగతనం, మోసం, హత్య అంటూ ప్రతి సెక్షన్ వెనకా ఒక కథ కనిపిస్తుంది. సీపీసీ పుస్తకం తెరిస్తే 158 సెక్షన్లు, వాటి వెనక 51 ఆర్డర్లు, ఒక్కో ఆర్డర్ కింద కుప్పలుగా రూల్స్ ఉంటాయి. మనుషులు కనపడరు, గడువులు మాత్రమే కనపడతాయి.

ఈ ఇబ్బందిలో విద్యార్థి తప్పు తక్కువనే నేను అనుకుంటాను. క్లాసులో పాఠం నంబర్ల వరసలో నడుస్తుంది, కోర్టులో కేసు కాలం వరసలో నడుస్తుంది. సెక్షన్ 96లో అప్పీలు చదివిన చాలా రోజులకు గానీ దావా ఎలా వేయాలో చెప్పే ఆర్డర్ 4 రాదు. నిజ జీవితంలో అన్నిటికంటే ముందు చూడాల్సిన లిమిటేషన్ చట్టం (దావాలకు గడువులు చెప్పే చట్టం) సిలబస్‌లో చిట్టచివర ఉంటుంది. డబ్బు చేతికొచ్చే దశ గురించి చెప్పే ఆర్డర్ 21కి, అందులో వందకు పైగా రూల్స్ ఉన్నా, పరీక్షల ముందు ఒకటి రెండు క్లాసులు దక్కుతాయి. అందుకే జూనియర్లు ఎవరు అడిగినా నేను ఒకటే చెబుతాను: ఒక కేసును ఎంచుకుని, అది పుట్టిన రోజు నుంచి ముగిసే రోజు దాకా దాని వెంట నడవండి.

ఇంకోటి కూడా చెబుతాను. ఈ చట్టం మొత్తం రెండు భయాల మధ్య నడుస్తుంది. ఒక మనిషి మాట వినకుండానే అతని మీద తీర్పు వచ్చేస్తుందేమో అన్నది మొదటి భయం. అందరి మాటా వింటూ కూర్చుంటే కేసు ఎప్పటికీ తేలదేమో అన్నది రెండోది. ఏ రూల్ చదివినా, ఇది ఈ రెండిట్లో ఏ భయానికి జవాబు అని అడగండి. బట్టీ పట్టాల్సిన పని సగం తగ్గుతుంది.

ముందు పుస్తకం కట్టుబడి గురించి కొంచెం. 1859లో వచ్చిన మొదటి కోడ్, తర్వాత 1877, 1882 కోడ్‌లు దాటుకుని ఇప్పుడున్న 1908 కోడ్ 1909 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రానికి 1951లో వర్తింపజేశారు. 2024 జులై 1న నేర చట్టాలూ సాక్ష్య చట్టమూ మారిపోయాయి గానీ సీపీసీ 1908 నాటిదే ఇంకా నడుస్తోంది. 1976, 1999, 2002 సవరణలు మాత్రం దాన్ని బాగా మార్చాయి. ఇందులో సెక్షన్లు అధికారాన్ని ఇస్తాయి, ఆర్డర్లు ఆ అధికారాన్ని ఎలా వాడాలో చెబుతాయి. సెక్షన్లను హైకోర్టులు ముట్టుకోలేవు. ఆర్డర్ల కింది రూల్స్‌ను మాత్రం సెక్షన్ 122 కింద తమ పరిధిలో మార్చుకోగలవు. అందుకే ఢిల్లీలో అచ్చయిన పుస్తకంలోని రూల్‌కీ, మన కోర్టులో పాటించే రూల్‌కీ అక్కడక్కడా తేడా ఉంటుంది. ఇది తెలియక ఇంటర్న్‌షిప్‌లో కంగారుపడేవాళ్లు ఉంటారు.

ఇక కేసులోకి వెళదాం. ఇది ఊహించుకున్న కేసే అయినా, ఇలాంటివి మన జూనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో రోజూ కనపడతాయి. తెనాలిలో ఒకాయన తనకు తెలిసిన టైలర్‌కి 4 లక్షల రూపాయలు అప్పిచ్చారు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ప్రోనోటు రాయించుకున్నారు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, ఇద్దరు సాక్షులు, దస్తూరి (నోటు రాసినవారి పేరు) అన్నీ ఉన్నాయి. కొన్నాళ్లకు టైలర్ దుకాణం ఎత్తేసి హైదరాబాద్ వెళ్లిపోయారు. అప్పిచ్చినాయన గుంటూరులో కొడుకు దగ్గరికి మారారు. డబ్బు రాలేదు.

కోర్టు మెట్లెక్కక ముందే

లాయర్ మొదట చూసేది నోటు మీద తేదీ. అడిగినప్పుడు చెల్లించాలన్న షరతుతో రాసిన ప్రోనోటు మీద దావా వేయడానికి, నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్ల గడువు ఉంది. అది దాటితే కాలదోషం పట్టినట్టే. ఇక్కడ లిమిటేషన్ చట్టం సెక్షన్ 3 చాలా కఠినంగా ఉంటుంది. గడువు దాటిందని ప్రతివాది ఒక్క మాట అనకపోయినా కోర్టే దావా కొట్టేయాలి. అప్పీళ్లకూ దరఖాస్తులకూ ఆలస్యాన్ని క్షమించే సెక్షన్ 5 దావాలకు వర్తించదు. గడువు కోర్టుకు వేసవి సెలవులున్న మే నెలలో ముగిస్తే మాత్రం, సెక్షన్ 4 వల్ల కోర్టు తెరిచిన రోజున వేయొచ్చు.

రెండో చూపు నోటు వెనక్కి. మన ఊళ్లలో కొంత డబ్బు కడితే నోటు వెనక చెల్లు వేయించుకునే అలవాటు తాతల నాటిది. లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 చెప్పేదీ అదే. మూడేళ్లు దాటకముందే కొంత కట్టి, కట్టినట్టు బాకీదారు స్వయంగా రాసినా, సంతకం చేసినా, ఆ కట్టిన రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. చేతిలో డబ్బు పెట్టి వెళ్లిపోతే గడువు పెరగదు. మూడేళ్లు దాటిన మర్నాడు వేసిన చెల్లు కూడా చచ్చిన గడువును బతికించలేదు. అప్పుడు కావాల్సింది, పాత బాకీ తీరుస్తానని సంతకంతో రాసిచ్చే కొత్త హామీ. అది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25 కిందికి వస్తుంది. చెల్లుకూ కొత్త హామీకీ ఉన్న ఈ తేడా తెలియక పోగొట్టుకున్న డబ్బు మన పల్లెల్లో తక్కువేమీ కాదు.

తర్వాతి ప్రశ్న ఏ ఊరి కోర్టు అన్నది. అప్పిచ్చినాయన గుంటూరులో ఉంటున్నారు కాబట్టి అక్కడ వేస్తే తనకు సుఖం. సెక్షన్ 20 దానికి ఒప్పుకోదు. ప్రతివాది ఉండే చోటు హైదరాబాద్, నోటు పుట్టిన చోటు తెనాలి. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. కోర్టుకు లాగబడేవాడికి, సంబంధం లేని ఊరికి తిరిగే శిక్ష ఉండకూడదన్నది దీని వెనక ఆలోచన. అంటే మొదటి భయానికి జవాబు. అదే భూమి తగాదా అయితే సెక్షన్ 16 ప్రకారం భూమి ఉన్న చోటే వేయాలి, మనుషులు ఎక్కడున్నా సరే. ఏ స్థాయి కోర్టు అన్నదానికి సెక్షన్ 15 ఉంది: ఆ విలువ దావా వినే అధికారమున్న కోర్టుల్లో అన్నిటికంటే కింది కోర్టుకే ముందు వెళ్లాలి.

ప్రైవేటు వ్యక్తి మీద డబ్బు దావాకు ముందు లాయర్ నోటీసు తప్పనిసరి కాదు గానీ అందరూ ఇస్తారు, ఇవ్వడమే మంచిది. ప్రభుత్వం మీద అయితే సెక్షన్ 80 ప్రకారం రెండు నెలల నోటీసు ఇచ్చి తీరాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో దాన్ని దాటొచ్చు.

దావా రాయడం

డ్రాఫ్టింగ్ క్లాసులో ఫారం నింపినట్టు రాసే ప్లెయింటే (వాది కోర్టులో వేసే దావా పత్రం) నిజానికి కేసుకు పునాది. ఆర్డర్ 6 రూల్ 2 ఒకే వాక్యంలో గొప్ప పాఠం చెబుతుంది: ముఖ్యమైన వాస్తవాలు రాయాలి, వాటిని రుజువు చేసే సాక్ష్యం రాయకూడదు. ఫలానా తేదీన అప్పు ఇచ్చాను, నోటు రాసిచ్చారు, అడిగినా కట్టలేదు అన్నవి వాస్తవాలు. ఆ రోజు పక్కన ఎవరున్నారు, టీ ఎవరు తెచ్చారు అన్నవి సాక్ష్యం. వాస్తవాన్ని వదిలేస్తే తర్వాత ఎంత సాక్ష్యం తెచ్చినా నిలబడదు. ప్లెయింట్‌లో లేని విషయం మీద సాక్ష్యం వినడానికి కోర్టు ఒప్పుకోదు. అవతలివాళ్లు ఏ మాటకు సిద్ధమై రావాలో వాళ్లకు ముందే తెలియాలి కదా.

ఆర్డర్ 2 రూల్ 2 ఇంకో ఉచ్చు. ఈ నోటు మీద ఇప్పుడు అసలు మాత్రమే అడిగి, వడ్డీ తర్వాత చూద్దాం అనుకుంటే ఆ వడ్డీ కోసం మళ్లీ దావా వేయలేరు. ఒకే వ్యాజ్యకారణం (దావాకు కారణమైన సంగతి) మీద రావాల్సినదంతా ఒకేసారి అడగాలి. విద్యార్థులు దీన్నీ, సెక్షన్ 10నీ, సెక్షన్ 11నీ కలిపేసుకుంటారు. ఒకే వివాదం మీద రెండు కోర్టుల్లో కేసులు నడుస్తుంటే రెండోదాన్ని ఆపమనేది సెక్షన్ 10. తేలిపోయిన వివాదాన్ని మళ్లీ తెరవొద్దనేది సెక్షన్ 11, రెస్ జ్యుడికేటా. అడగాల్సింది అడగకుండా వదిలేసినవాడికి తలుపు మూసేది ఆర్డర్ 2 రూల్ 2. మూడూ రెండో భయానికి జవాబులే.

ఏం అడగాలో తెలియకపోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి డబ్బు దావా కంటే స్థలం దావా మంచి ఉదాహరణ. వరంగల్‌లోని ఇళ్ల స్థలాల తగాదాలో సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పు మన రెండు రాష్ట్రాల కోర్టుల్లో ఇప్పటికీ తరచూ వినపడుతుంది. స్థలం మీ స్వాధీనంలో ఉండి, హక్కు మీద తీవ్రమైన వివాదం లేకపోతే ఒక్క ఇంజంక్షన్ (అడ్డుపడొద్దనే కోర్టు ఉత్తర్వు) అడిగితే చాలు. స్వాధీనం పోయి ఉంటే దాన్ని తిరిగి ఇప్పించమని కూడా అడగాలి. అసలు హక్కు మీదే మబ్బు కమ్మి ఉంటే హక్కు ప్రకటించమని అడగాలి. ఇంజంక్షన్ చవక కదా అని అదొక్కటే అడిగి, ఏళ్ల తర్వాత మొదటికొచ్చినవాళ్లు ఎందరో. ఆ తీర్పు చదివితే ప్లెయింట్ చివర రాసే ప్రార్థన పేరా అంత ముఖ్యం ఎందుకో అర్థమవుతుంది.

ప్లెయింట్‌తో పాటు కోర్టు ఫీజు, వకాల్తా, ఆధారపడే పత్రాలు ఇస్తారు. ఆఫీసు వాళ్లు పరిశీలించి, లోపాలుంటే తిప్పి పంపుతారు. సరిచేశాక ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్) నంబర్ పడుతుంది. ఆ రోజుతో అది కేసు అవుతుంది.

సమన్లు, జవాబు, గైర్హాజరు

సమన్లు అందించడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ మొదటి భయం అంతా ఇక్కడే ఉంది. మీ మీద కేసు ఉందని మీకు తెలియకపోతే మిగతా రక్షణలన్నీ కాగితం మీదే మిగులుతాయి. అందుకే ఆర్డర్ 5లో మెట్టు తర్వాత మెట్టు ఉంటాయి. చేతికి ఇవ్వడం, పోస్టులో పంపడం, తీసుకోనంటే లేదా మనిషి దొరక్కపోతే తలుపుకు అంటించడం, తప్పించుకు తిరుగుతున్నాడని కోర్టు నమ్మితే పేపర్లో వేయించడం. దినపత్రికల లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో వచ్చే కోర్టు ప్రకటనలు ఇవే. సమన్లు తీసుకోవడానికి నిరాకరిస్తే అందినట్టే లెక్క. తీసుకోకపోతే కేసు ఆగిపోతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అది పూర్తిగా తప్పు, దానివల్ల నష్టపోయేది నిరాకరించినవారే.

సమన్లు అందాక రిటన్ స్టేట్‌మెంట్‌కి, అంటే ప్రతివాది రాసిచ్చే జవాబుకి, 30 రోజులు. కారణాలు చూపితే కోర్టు 90 రోజుల దాకా పెంచొచ్చు. మరి 91వ రోజున? ఈ ప్రశ్న మీద రెండు భయాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. మామూలు దావాల్లో ఈ గడువు కోర్టు చేతులు కట్టేసేది కాదని, అరుదైన సందర్భాల్లో తగిన కారణముంటే ఆ తర్వాత కూడా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వచ్చే దావాల్లో మాత్రం 120 రోజులు దాటితే ఆ హక్కు పోయినట్టేనని 2019లో తేల్చింది. ఒకే కోడ్, రెండు రకాల జవాబులు. ఒకచోట వినడానికి బరువు, ఇంకోచోట తేల్చడానికి బరువు.

జవాబు ఎలా రాయాలన్నది ఆర్డర్ 8 చెబుతుంది. ప్లెయింట్‌లో చెప్పిన ప్రతి వాస్తవానికీ స్పష్టంగా జవాబివ్వాలి. కాదనకుండా దాటేసినదాన్ని ఒప్పుకున్నట్టే తీసుకోవచ్చు. మన టైలర్ తరఫున సాధారణంగా మూడు వాదనలు వినపడతాయి: సంతకం నాది కాదు, ఎప్పుడో చీటీ పాట హామీగా ఇచ్చిన ఖాళీ నోటు నింపుకున్నారు, డబ్బు ఎప్పుడో కట్టేశాను. మూడూ ఒకేసారి చెబితే కోర్టు దేన్నీ నమ్మదు. విద్యార్థులు ఈ మూడిట్లో ఒక్కోదాన్ని తీసుకుని మూడు వేర్వేరు జవాబులు రాసి చూడాలి. సంతకం ఒప్పుకున్న మరుక్షణం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 వచ్చి కూర్చుంటుంది. డబ్బు తీసుకునే నోటు రాశారని కోర్టు భావిస్తుంది, కాదని చూపే బరువు టైలర్ మీదికి వెళ్తుంది. ఒక్క వాక్యంతో కేసు బరువు ఇటు నుంచి అటు మారడం చూస్తే ప్లీడింగ్స్ (ఇరువైపులా కోర్టుకిచ్చే రాతలు) ఎందుకు నేర్చుకోవాలో ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

రాకపోతే ఏమవుతుందన్నది ఆర్డర్ 9. ఇద్దరూ రాకపోతే దావా కొట్టేస్తారు, గడువుంటే మళ్లీ వేసుకోవచ్చు. ప్రతివాది వచ్చి వాది రాకపోతే కూడా కొట్టేస్తారు, అప్పుడు మాత్రం అదే కారణం మీద కొత్త దావా కుదరదు. పాతదాన్నే తెరిపించుకోవాలి. తనకే అవసరమైన కేసుకు తానే రానివాడి మీద చట్టానికి కోపం ఎక్కువ. ప్రతివాది రాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే అతను లేకుండానే కేసు నడుస్తుంది. ఎక్స్‌పార్టీ అయితే అడిగినదల్లా ఇచ్చేస్తారని కాదు, వాది తన కేసు రుజువు చేసుకోవాల్సిందే. డిక్రీ (తీర్పును బట్టి కోర్టు ఇచ్చే అధికారిక పత్రం) వచ్చాక కూడా, సమన్లు సరిగ్గా అందలేదనో రాకపోవడానికి తగిన కారణముందనో చూపితే రూల్ 13 కింద రద్దు చేయించుకోవచ్చు. గడువు 30 రోజులు.

ప్రొసీజర్ న్యాయానికి దారి వేయడానికి ఉంది గానీ జనాన్ని శిక్షించడానికి కాదని 1955లోనే సంగ్రామ్ సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ రాశారు. ఒక వాయిదాకు రానంతమాత్రాన తర్వాతి వాయిదాల్లో పాల్గొనే హక్కు పోదని చెప్పిన తీర్పు అది. సీపీసీ మొదలుపెట్టే ముందే ఆ తీర్పు చదవడం మంచిదని నా నమ్మకం.

ఈలోగా టైలర్ తన ఇల్లు అమ్మేస్తే? ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పుకు ముందే జప్తు కోరొచ్చు. కోర్టు ఆవరణలో దీన్ని ఏబీజే (అటాచ్‌మెంట్ బిఫోర్ జడ్జ్‌మెంట్) అంటారు. అయితే బాకీ ఉందని చూపితే సరిపోదు, డిక్రీని దెబ్బతీసే ఉద్దేశంతో ఆస్తి వదిలించుకుంటున్నాడని చూపాలి. స్థలం తగాదాల్లో ఇలాంటి పని ఆర్డర్ 39 ఇంజంక్షన్ చేస్తుంది.

ఇష్యూలు, విచారణ

రెండు వైపుల రాతలూ చదివి, ఎక్కడ ఒప్పుకున్నారో పక్కన పెట్టి, ఎక్కడ తేడా ఉందో దాన్ని జడ్జి ప్రశ్నలుగా రాస్తారు. అదే ఆర్డర్ 14. మన కేసులో మొదటి ఇష్యూ దాదాపు ఎప్పుడూ ఒకటే: ఈ ప్రోనోటు నిజమైనదా, చెల్లుతుందా, ప్రతివాది దానికి కట్టుబడాలా. తర్వాత, వాదికి ఎంత రావాలి. ఈ దశలోనో దీనికి ముందో సెక్షన్ 89 కింద రాజీకి, మధ్యవర్తిత్వానికి, లోక్ అదాలత్‌కి పంపే వీలుంది. అప్పటికే ఊళ్లో పెద్దమనుషుల ముందు నలిగి వచ్చిన కేసైనా, ఇరువైపుల కాగితాలూ బల్ల మీద పరిచాక రాజీ కుదరడం చాలాసార్లు జరుగుతుంది.

విచారణలో ముఖ్య సాక్ష్యం ఇప్పుడు అఫిడవిట్‌గా ఇస్తారు, క్రాస్ (అవతలి లాయర్ వేసే ప్రశ్నలు) మాత్రం నోటితో జరుగుతుంది. వాది పీడబ్ల్యూ-1 (వాది తరఫు మొదటి సాక్షి), నోటు ఎగ్జిబిట్ ఏ-1 (వాది తరఫు మొదటి పత్రం). దస్తూరి రాసినాయన, సాక్షి సంతకం చేసినాయన తర్వాత బోనెక్కుతారు. ఇక్కడ ఒక్క క్షణం చాలా విలువైనది. స్టాంపు సరిగ్గా లేని చాలా పత్రాలను జరిమానా కట్టి సాక్ష్యంలోకి తేవచ్చు, ప్రోనోటుకు ఆ వీలు లేదు. స్టాంపు చట్టం సెక్షన్ 35 దాన్ని పూర్తిగా బయట పెడుతుంది. కానీ ప్రతివాది లాయర్ అభ్యంతరం చెప్పకుండా ఊరుకుని, నోటుకు ఏ-1 ముద్ర పడిపోతే, సెక్షన్ 36 వల్ల స్టాంపు సరిపోలేదన్న మాట ఆ కేసులో మళ్లీ ఎత్తలేరు. కేసు మొత్తం ఆ అర నిమిషంలో మారిపోవచ్చు.

ఇలాంటివి పుస్తకంలో కనపడవు. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం మూట్ కోర్టు (ఉత్తుత్తి కోర్టు వాదన) పేపర్‌లో భాగంగా ప్రతి విద్యార్థీ ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ స్వయంగా చూసి రికార్డు రాయాలి. చాలాచోట్ల సీనియర్ల రికార్డు చూసి ఎక్కించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మీ ఊరి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఒక పాత నోటు దావా ఎంచుకోండి. దాని సీఎన్ఆర్ నంబర్ (ప్రతి కేసుకూ ఇచ్చే ప్రత్యేక నంబర్) రాసుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాల చరిత్ర మొత్తం కనిపిస్తుంది. ఏ వాయిదా దేనికోసం పడిందో ఒక్కో తేదీ పక్కన ఆర్డర్ నంబర్ రాయండి. వారం క్లాసులు చెప్పలేనిది ఆ ఒక్క పేజీ చెబుతుంది.

వాయిదాల గురించి నిష్ఠూరంగానైనా ఒక మాట చెప్పాలి. విచారణ సాగుతుండగా ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదని ఆర్డర్ 17లో స్పష్టంగా రాసి ఉంది. చేతులు దాటిన కష్టాల్లో దీన్ని సడలించవచ్చని సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సడలింపే నియమం అయిపోయి, నియమం అరుదైపోయింది. జడ్జిల ముందున్న కేసుల భారం నిజం. అయినా ఖర్చులు వేసే అధికారం చేతిలో ఉండి కూడా వాడకపోవడం వల్ల నష్టపోయేది బస్సు ఛార్జీలు పెట్టుకుని తెనాలి వచ్చి, సాక్షిని కూడా వెంటబెట్టుకుని ఉత్త చేతులతో తిరిగి వెళ్లే మనిషి.

ఆలస్యం ఎవరికి లాభమో లెక్క వేసి చూడండి. 4 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 96,000. దావా వేసేనాటి వరకు నోటు ప్రకారం వడ్డీ లెక్క కడతారు, మరీ ఎక్కువనిపిస్తే కోర్టు తగ్గించొచ్చు. దావా వేసిన రోజు నుంచి డిక్రీ దాకా ఎంత అన్నది సెక్షన్ 34 కింద జడ్జి విచక్షణ. డిక్రీ తర్వాత, వ్యాపార లావాదేవీ కాకపోతే, ఏడాదికి 6 శాతం దాటకూడదు. అసలు మీద ఆ లెక్కన ఏడాదికి 24,000. అంటే కేసు సాగేకొద్దీ బాకీదారుకు చట్టమే చవక వడ్డీకి అప్పు సాగనిచ్చినట్టు అవుతుంది. ప్రోనోటు మీద ఆర్డర్ 37 కింద సమ్మరీ దావా (త్వరగా తేల్చే దావా) వేసే దారి అందుకే ఉంది. అందులో ప్రతివాది పది రోజుల్లో హాజరై, ఆ తర్వాత వాదించుకోవడానికి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. మన జిల్లా కోర్టుల్లో ఆ దారిని ఇంకా ఎక్కువగా వాడాలి.

డిక్రీ చేతిలో ఉంది, డబ్బు లేదు

కారణాలతో జడ్జి రాసేది తీర్పు. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చి చెప్పే అధికారిక పత్రం డిక్రీ. అమలు చేసేది డిక్రీని. టైలర్‌కు జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు ఇందులో లెక్కకు రావు. అప్పీలు వేసినంత మాత్రాన అమలు ఆగదు, విడిగా స్టే తెచ్చుకోవాలి. ఆపై హైకోర్టులో సెకండ్ అప్పీలు సెక్షన్ 100 కింద. అక్కడ చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఉండాలి, సాక్ష్యాన్ని మొదటినుంచి తూచమని అడగడానికి వీల్లేదు.

ఈ దేశంలో దావాదారు కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయన్న మాట ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో లండన్‌లోని చివరి అప్పీలు కోర్టు) 1872లో అన్నది. అమలు పిటిషన్లను ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించాల్సి వచ్చిందంటే ఆ మాటకు ఇంకా వయసు మళ్లలేదు.

డబ్బు డిక్రీని ఇ.పి. (అమలు పిటిషన్) ద్వారా అమలు చేయడానికి 12 ఏళ్ల గడువుంది. టైలర్ ఆస్తి హైదరాబాద్‌లో ఉంటే సెక్షన్ 39 కింద డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయించాలి. ఆస్తి జప్తు చేసి వేలం వేయొచ్చు. కానీ ఏది ముట్టుకోకూడదో సెక్షన్ 60 చెబుతుంది: ఒంటి మీద బట్టలు, వంట పాత్రలు, మంచాలు, చేతివృత్తి పనిముట్లు. టైలర్ కుట్టుమిషన్ జోలికి వెళ్లకూడదు. ఆ మిషన్ పోతే అతనికి బతుకూ ఉండదు, బాకీ తీర్చే దారీ ఉండదు. నూట పదిహేనేళ్లు దాటిన చట్టంలో ఈ జాలి చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. ఉద్యోగి అయితే జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలేసి మిగతాదే జప్తు చేయాలి.

అరెస్టు కూడా ఉంది. అయితే కట్టలేనివాడిని జైల్లో పెట్టడానికి అది లేదు. చేతిలో ఉండి కూడా ఎగ్గొడుతున్నాడని చూపాలని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పారు. డబ్బు డిక్రీ కింద మహిళను అరెస్టు చేయకూడదు. గరిష్ఠంగా మూడు నెలలు సివిల్ జైల్లో ఉంచొచ్చు, ఆ కాలంలో భోజన ఖర్చు డిక్రీ పొందినాయనే కట్టాలి. జైలుకు వెళ్లొచ్చినా బాకీ బాకీగానే ఉంటుంది.

చాలా కేసుల్లో ఇ.పి. నోటీసు అందాక, వేలం దాకా వెళ్లకుండా, బంధువులు కూర్చోబెట్టి మాట్లాడతారు. టైలర్ అప్పో సప్పో చేసి 3 లక్షలు తెచ్చి, తెనాలిలో తెలిసినవాళ్ల ఇంట్లో, నలుగురి ముందు లెక్కపెట్టి ఇస్తారు. మిగతాది వదిలేశామంటారు. అందరూ కాఫీ తాగి లేస్తారు. అక్కడ ఆగిపోతే పెద్ద తప్పు. ఆర్డర్ 21 రూల్ 2 ప్రకారం కోర్టు బయట ఇచ్చిన డబ్బును కోర్టులో నమోదు చేయించాలి. డిక్రీ పొందినాయన చేయించకపోతే, బాకీదారే 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. నమోదు కాని చెల్లింపును డిక్రీ అమలు చేసే కోర్టు లెక్కలోకి తీసుకోదు. పదేళ్ల తర్వాత ఆ అప్పిచ్చినాయన కొడుకు పాత డిక్రీ పట్టుకుని మళ్లీ ఇ.పి. వేస్తే, ఆ నలుగురూ వచ్చి చెప్పినా ప్రయోజనం ఉండదు. నోటు వెనక చెల్లు ఎందుకు వేయించుకోవాలో, డిక్రీ మీద ఫుల్ శాటిస్‌ఫాక్షన్ మెమో (బాకీ పూర్తిగా తీరిందని కోర్టుకిచ్చే కాగితం) కూడా అందుకే వేయించుకోవాలి. ఆ మెమో మీద జడ్జి సంతకం పడి, ఇ.పి. మూసినట్టు డైరీలో రాసిన సాయంత్రం, తెనాలిలో మొదలైన ఆ అప్పు తీరుతుంది.